ఏబదైదు మంది యెస్సన్న: ఒక బాండు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాలిఫోర్నియాలో ఇల్లు కొన్న తెలుగువారు ఏటా భయభక్తులతో అందుకుని, సగం చదివి పక్కన పెట్టే గ్రంథం ఒకటుంది. కౌంటీవారు పంపే ఆస్తి పన్ను బిల్లు. అందులో ఒక శాతం మూలపన్ను కింద, చిన్న అక్షరాల్లో, ఫలానా కమ్యూనిటీ కాలేజీ బాండు అని ఒకటో రెండో పంక్తులుంటాయి. కుపర్టినోవారికి అవి ఫుట్‌హిల్–డి యాంజా డిస్ట్రిక్ట్‌వి, ఫ్రీమాంట్‌వారికి ఒలోనీవి. పెద్ద మొత్తం చూసి నిట్టూర్చే హడావుడిలో ఎవరూ ఆ పంక్తుల మీద కన్ను నిలపరు.

మూలం లేనిదే టీక పుట్టదు. అందుచేత వ్యాఖ్యాతే ఒక ఆటవెలది అల్లి, దాన్ని తానే విప్పిచెప్పే భారం నెత్తిన వేసుకున్నాడు. శాస్త్ర మర్యాద కోసం అనుబంధ చతుష్టయం కూడా చెప్పాలి. విషయం: అప్పు తెచ్చి కట్టే కాలేజీ భవనాల మీద పౌరుల నిఘా. అధికారి: ఆ అప్పు తీర్చేవాడు. సంబంధం: పన్ను కట్టేవాడికీ భవనం కట్టించేవాడికీ ఉన్నది. ప్రయోజనం: చివర తెలుస్తుంది, తొందరపడకూడదు.

మూలం

ఏబదైదు మంది యెస్సన్న చాలు, నీ
యింటిపన్ను మీద నెక్కు బాండు;
కట్టునపుడు చూడఁగలవార లేడ్గురు,
కాసు తినని సాక్షిగణము వారు.

ప్రతిపదార్థం

ఏబదైదు మంది = పోలైన నూరు ఓట్లలో యాభై అయిదు వేసినవారు; యెస్సన్న = సరేనంటే; చాలు = మిగతా నలభై అయిదుగురిని ఒప్పించే పని లేదు; నీ = వద్దని ఓటేసిన, లేదా అసలు ఓటే లేని నీయొక్క; ఇంటిపన్ను మీదన్ = కౌంటీ కట్టిన విలువను బట్టి వచ్చే పన్నుపైకి; ఎక్కు = ఎక్కునట్టిదీ, ఏళ్ళ తరబడి దిగనట్టిదీ అయిన; బాండు = ఋణపత్రము; కట్టునపుడు = ఆ డబ్బుతో భవనాలు లేచేటప్పుడు; చూడఁగలవారలు = చూచుటకు మాత్రమే అధికారం గలవారు; ఏడ్గురు = ఎంత తక్కువైనా ఏడుగురు; కాసు తినని = జీతం ముట్టని; సాక్షిగణము = సాక్షుల కూటమి; వారు = వారే గాని వేరొకరు కారు.

తాత్పర్యం

కాలేజీ కట్టడాల కోసం అప్పు చేయడానికి నూటికి 55 ఓట్లు చాలు. ఆ అప్పు ఇంటి యజమానుల పన్ను మీద పడుతుంది. డబ్బు ఖర్చయ్యేటప్పుడు చూసి జనానికి చెప్పడానికి కనీసం ఏడుగురు జీతం లేని పౌరులు ఉంటారు.

విశేషాలు

"ఏబదైదు": సగం కన్నా ఒక్కటి ఎక్కువైతే గెలుపు కదా, ఈ 55 ఎక్కడినుంచి వచ్చిందని శంక. సమాధానం: 1879 నాటి రాష్ట్ర రాజ్యాంగం కాలం నుంచి ఇక్కడ స్థానిక బాండుకు మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. మూడోవంతు మంది ముఖం చిట్లిస్తే చాలు, కాలేజీ కప్పు కారుతూనే ఉండేది. 2000 మార్చిలో ప్రపోజిషన్ 26 ఆ మెట్టును సగానికి దించమని అడిగింది. ఓటర్లు కుదరదన్నారు. అదే ఏడు నవంబరులో ప్రపోజిషన్ 39 బేరం సవరించుకుని వచ్చింది. 55కి దించండి, బదులుగా ఏమేం కడతామో జాబితా ముందే చూపిస్తాం, ఏటా రెండు స్వతంత్ర ఆడిట్లు చేయిస్తాం అంది. దానికి జోడుగా శాసనసభ చేసిన చట్టం పౌరుల కమిటీని తెచ్చింది. మెట్టు దించినందుకు కాపలా పెట్టారన్నమాట. జనం ఒప్పుకున్నారు. ఇక్కడ రసజ్ఞులు గమనించాల్సిన చమత్కారం ఒకటుంది. ఆ ప్రపోజిషన్ 39కి పడ్డవి నూటికి 53 చిల్లర. తాను నిలబెట్టిన మెట్టు తానే ఎక్కలేకపోయింది. రాజ్యాంగ సవరణకు సగం దాటితే చాలు కనుక గట్టెక్కింది.

"ఇంటిపన్ను మీద": ఎంత ఎక్కుతుందని శంక. 55 శాతం దారిలో వచ్చే కమ్యూనిటీ కాలేజీ బాండుకు ఒక హద్దుంది. ఒక్కో ఎన్నికలో ఆమోదించిన అప్పుకు, లక్ష డాలర్ల విలువకు ఏడాదికి 25 డాలర్లు మించదని ముందే అంచనా చూపాలి. పది లక్షల డాలర్ల విలువ కట్టిన ఇంటికి 250 డాలర్లన్నమాట. హద్దు ఒక్కో ఎన్నికకే గనుక, మరో ఎన్నిక వస్తే మరో పంక్తి చేరుతుంది. ఫుట్‌హిల్–డి యాంజాకు 2006లో మెజర్ సి కింద 49 కోట్ల 8 లక్షల డాలర్లకు, 2020లో మెజర్ జి కింద 89 కోట్ల 80 లక్షల డాలర్లకు ఓటర్లు సరేనన్నారు.

ఇందులో మరో సూక్ష్మముంది. విలువ అంటే నేటి బజారు ధర కాదు. 1978 నాటి ప్రపోజిషన్ 13 పుణ్యమా అని, ఇల్లు కొన్ననాటి ధరే లెక్కకు మూలం, అది ఏడాదికి రెండు శాతానికి మించి పెరగదు. ఎనభైలలో కొన్న పక్కింటి పెద్దాయన, నిరుడు కొన్న తెలుగు దంపతులు ఒకే వీధివారు. ఇద్దరి పిల్లలూ అదే డి యాంజాలో అదే కొత్త ల్యాబులో కూర్చోవచ్చు. ఆ ల్యాబు అప్పులో మాత్రం దంపతుల వాటా పెద్దాయన వాటాకు ఎన్నో రెట్లు. కనుక నిఘా మీద అందరికన్నా ఎక్కువ ఆసక్తి ఉండాల్సింది కొత్తగా ఇల్లు కొన్నవారికి. ఆ కమిటీ కుర్చీల దరిదాపులకు రానిదీ వారే.

"ఏడ్గురు": ఎవరా ఏడుగురు? చట్టం అయిదు పీటల మీద పేర్లు రాసిపెట్టింది. వ్యాపార సంఘం నుంచి ఒకరు, వయోవృద్ధుల సంఘం నుంచి ఒకరు, పన్ను చెల్లింపుదారుల సంఘం నుంచి ఒకరు, విద్యార్థి సంఘంలాంటి బృందంలో తిరిగే విద్యార్థి ఒకరు, కాలేజీ ఫౌండేషన్ వంటి సంస్థలో పనిచేసే అభిమాని ఒకరు. మిగతావారు ఊరివారెవరైనా. డిస్ట్రిక్ట్ ఉద్యోగులు, అధికారులు, కాంట్రాక్టర్లు, కన్సల్టెంట్లు, సరుకులమ్మేవాళ్ళు పనికిరారు. గడువు కనీసం రెండేళ్ళు, వరుసగా మూడుసార్లకు మించి కూర్చోకూడదు. ఎన్నిక ఫలితం డిస్ట్రిక్ట్ పాలక బోర్డు మినిట్స్‌కు ఎక్కిన అరవై రోజుల్లో కమిటీ వేయాలి.

వేసేది ఎవరని అల్పజ్ఞుల శంక. బోర్డే. ఎవరి ఖర్చును చూడాలో వారే చూసేవారిని నియమిస్తారు. పెళ్ళిచూపులకు ఎవరెవరు రావాలో పెళ్ళికొడుకే చీటీ రాసి పంపినట్టు. ఇందులో కుట్రేమీ లేదు, చట్టమే అలా ఉంది. బోర్డు మంచిదైతే ప్రశ్నలడిగేవారిని వేస్తుంది, కాకపోతే తల ఊపేవారిని వేస్తుంది. రెండూ చట్టబద్ధమే.

"చూడఁగలవారలు": పద్యానికి ప్రాణం ఈ పదం. కొందరు ఇక్కడ "ఆపఁగలవారలు" అని పాఠాంతరం ఉందంటారు. యతి నిలుస్తుంది గాని, సంధి కలిస్తే గణాలు చెడతాయి, చట్టమూ తప్పుతుంది. ఏ ప్రతిలోనూ ఆ పాఠం లేదు. కాంట్రాక్టు ఎవరికివ్వాలో కమిటీ చెప్పలేదు, నక్షా మార్చలేదు, బిల్లు ఆపలేదు. ఆడిట్లు చదవవచ్చు, సైటుకు వెళ్ళి గోడలు కళ్ళారా చూడవచ్చు, మరమ్మతుల ప్రణాళికలు, పొదుపు ప్రయత్నాలు పరిశీలించవచ్చు. డబ్బు చెప్పిన పనికే పోయిందో లేదో ఏడాదికి ఒక్కసారైనా నివేదిక రాసి జనం ముందు పెట్టాలి. అంతవరకే.

ఆ అంతవరకే కూడా అంత చిన్నదేం కాదు. ఒక ఛేంజ్ ఆర్డర్ తీసుకోండి. టెండరు అయిపోయి పని మొదలయ్యాక, పునాది తవ్వితే నక్షాలో లేని పాత పైపు బయటపడిందని కాంట్రాక్టరు అదనపు సొమ్ము అడుగుతాడు. న్యాయమే కావచ్చు. స్టాఫ్ రిపోర్టులో అది ఒక వరుస: పని సంఖ్య, కారణం "ముందు తెలియని పరిస్థితి", మొత్తం. అయిదో భవనానికీ అదే కారణం రాసి ఉంటే, "తవ్వే ముందు మట్టి పరీక్ష చేసిందెవరు? పాత నక్షాలు వాళ్ళకిచ్చారా?" అని ఒక్కరు అడిగితే చాలు. ఆ ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కుతుంది, మినిట్స్ వెబ్‌సైటులోకి ఎక్కుతాయి. అడగకపోతే రంగురంగుల పై చార్టు చూసి, "అందినది, దాఖలు చేయడమైనది" అని రాసుకుని లేస్తారు.

"డబ్బు జీతాలకు వాడరాదన్నారు కదా, ఇక చూడటానికేముంది?" అని మరో శంక. అధ్యాపకుల జీతాలకు, పాలనాధికారుల జీతాలకు, కాలేజీ రోజువారీ ఖర్చులకు వాడరాదన్నది నిజమే. అయితే బాండు పనుల పర్యవేక్షణకు ఉద్యోగి వెచ్చించిన కాలం మేరకు అతని జీతం ఇందులోంచి ఇవ్వవచ్చని 2004లో రాష్ట్ర అటార్నీ జనరల్ అభిప్రాయం చెప్పారు. ఆ "మేరకు" దగ్గర తలుపు కొంచెం తెరిచే ఉంటుంది. ఎంత మేరకో టైమ్‌షీట్లు అడిగితేనే తేలుతుంది.

చూడవలసినవారు ఉన్నా చాలదని లాస్ ఏంజెలెస్ చెప్పింది. తొమ్మిది కాలేజీల ఆ డిస్ట్రిక్ట్‌లో 570 కోట్ల డాలర్ల నిర్మాణ కార్యక్రమం నడిచింది. నాసిరకం పనుల గురించి, వృథా ఖర్చు గురించి 2011లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ వరుస కథనాలు వేసింది. అదే ఏడు రాష్ట్ర కంట్రోలర్ ఆడిట్ కూడా తప్పులు పట్టింది. చట్టం కోరిన కమిటీ అప్పుడూ ఉంది.

మరి ఆపగలవాడు ఎవడు? ఈ ప్రశ్నకు జవాబు పద్యంలో లేదు, చట్టంలో ఉంది. డిస్ట్రిక్ట్‌లో ఉంటూ ఆస్తి పన్ను కట్టే పౌరుడు, తప్పుదారి పడుతున్న ఖర్చును ఆపమని కోర్టుకెళ్ళవచ్చు. శాన్ డియేగోలో ఒక హైస్కూలు మైదానానికి బాండు సొమ్ముతో ఫ్లడ్‌లైట్లు వేయబోయారు. ఓటర్లకు చూపిన జాబితాలో ఆ స్కూలుకు దీపాల మాట లేదని పన్ను చెల్లింపుదారులు కోర్టుకెక్కారు. 2013లో అప్పీలు కోర్టు వారి మాటే నిలబెట్టింది. హైస్కూలుకైనా కాలేజీకైనా నియమం ఒకటే.

అలంకారం

"కట్టునపుడు" అన్నచోట శ్లేష. ఇల్లున్నవాడు పన్ను కట్టేటప్పుడు, కాంట్రాక్టరు గోడ కట్టేటప్పుడు అని రెండర్థాలూ చెల్లుతాయి. మొదటి పాదాల్లో విభావన, అంటే కారణం లేకుండానే కార్యం పుట్టడం. హెచ్1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవారికి ఓటు లేదు, అయినా బాండు పంక్తి బిల్లులో ప్రత్యక్షం. చివరి పాదాల్లో విశేషోక్తి, అంటే కారణాలన్నీ ఉన్నా కార్యం పుట్టకపోవడం. కమిటీ ఉంది, ఆడిట్లున్నాయి, నివేదిక ఉంది, వెబ్‌సైటు ఉంది. చదివినవాడే లేడు. విశేషోక్తికి ఇంతకన్నా చక్కని లక్ష్యం అలంకార గ్రంథాల్లో వెతికినా దొరకదు.

ఛందస్సు

ఆటవెలది. మొదటి పాదంలో "ఏ"కూ "యె"కూ యతి మైత్రి. "యెస్"తో యతి కుదిరింది, "నో"తో కుదరదు. నో అన్నవారికి ఫలితంలో చోటు లేనట్టే పద్యంలోనూ లేదు. ఇది కవి పక్షపాతం కాదు, ప్రపోజిషన్ 39 స్వభావం.

ఫలశ్రుతి

ఇది చదివినవారికి పన్ను ఒక్క డాలరు కూడా తగ్గదు. అయితే కమిటీ సమావేశాలు బహిరంగం. ఓటున్నా లేకున్నా ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, అజెండాలోని విషయం మీద మాట్లాడవచ్చు. లోపలికి రానివ్వడానికి పేరు చెప్పమని కూడా అడగకూడదని చట్టం. చట్టం సాక్షులకు కళ్ళిచ్చింది, చేతులు పన్ను కట్టేవారికిచ్చింది. చేతులవారు గదిలో లేకపోతే ఆ ఏడుగురూ ఎంత చూసినా ఫలం సున్న.

కనుక పాఠకులకు మనవి. మీ కాలేజీ కమిటీలో పీట ఖాళీగా ఉంటే దరఖాస్తు పెట్టండి. అంత తీరిక లేకపోతే ఒక్క లెక్క గుర్తుంచుకోండి. ఏటా ఆ రెండు ఆడిట్లూ మార్చి 31 కల్లా కమిటీ చేతికి రావాలి. ఆస్తి పన్ను రెండో వాయిదాకు ఏప్రిల్ 10 దాకా గడువు. నడుమ పది రోజులున్నాయి. డబ్బు కట్టే ముందు ఆ డబ్బుతో ఏం కట్టారో చదవండి.