కూటసాక్షులు

ప్యారిస్ నగరమునకు పోయి వచ్చిన తెలుగువారిని నేను పెక్కుమందిని ఎరుగుదును. వారిలో విశ్రాంత ఇంజనీర్లు కలరు, చిట్టీల వ్యాపారము చేయువారు కలరు, అమెరికాలోని కుమారుడు కొనియిచ్చిన టిక్కెట్లతో కాలు కదపిన వృద్ధ దంపతులు కలరు, పెండ్లిపందిరి విప్పకముందే విమానమెక్కిన నవదంపతులును కలరు. వయస్సునందు గాని, విద్యయందు గాని, ఓటు వేయు పార్టీయందు గాని ఏ ఇద్దరికిని పొంతన కుదరని ఈ నానావిధ జనసమూహము ప్యారిస్ మాట వచ్చినప్పుడు మాత్రము ఏకకంఠమై "అద్భుతమండీ! జీవితంలో ఒక్కసారైనా చూసి తీరాలి" అని పలుకుచుండును. ఇంతమంది ఇన్ని తీరులవారు ఒక్క వాక్యమును ఒక్క స్వరమున అక్షరము పొల్లుపోకుండ చెప్పుట న్యాయస్థానమున దక్క వేరొకచోట సంభవింపదనియు, అచ్చటనైనను సాక్షులు ముందునాటి రాత్రి వకీలుగారి వసారాలో కూర్చుండి వల్లెవేసినప్పుడే సంభవించుననియు వ్యవహారజ్ఞులకు వేరుగ చెప్పనక్కరలేదు. కావున వీరందరును కూటసాక్షులే యని నాకు చాలకాలముగా అనుమానము కలదు. ఒక యాత్రాసంస్థవారి గుంపులో కలిసి నేనును ఆ నగరమును చూచి వచ్చిన పిమ్మట ఆ అనుమానము తీరినది.

ఈ కూటసాక్ష్యమునకు లంచమిచ్చువాడెవ్వడును లేడు. సాక్షియే తన సొమ్ము తాను వెచ్చించుకొని అబద్ధమాడుచున్నాడు. ఆ సొమ్ము ఎంతయో విచారించినచో అబద్ధము ఎట్లు పుట్టినదో తెలిసిపోవును. ముందుగా వీసా దరఖాస్తుకు 90 యూరోలు చెల్లింపవలయును. వీసా రాకపోయినను ఆ పైకము తిరిగి రాదు. అటుపిమ్మట బ్యాంకు లెక్కలు, ఆదాయపు పన్ను పత్రములు, పనిచేయు చోటినుండి సెలవు మంజూరైనట్లు ఉత్తరము, 30,000 యూరోలకు తగ్గని ప్రయాణబీమా, దిగబోవు హోటలు రసీదులు, వీటన్నింటికిని మించి తిరిగి స్వదేశమునకు వచ్చెదమనుటకు నిదర్శనములు సమర్పింపవలయును. పోయినవాడు అక్కడనే స్థిరపడిపోవునేమో యని ఆ ప్రభువులకు బెంగ. మెట్రో సొరంగములలోని గాలిని నాలుగుదినములు పీల్చి, రొట్టెముక్కయు జున్నుముక్కయు నాలుగుదినములు నమలినవాడు స్వదేశముమీద ఎంతటి భక్తితో తిరిగివచ్చునో వారికి తెలిసినచో ఇన్ని కాగితములు అడుగకపోదురు. సరే, ఇన్నింటిని దాటి, టూరు మొత్తమును నెలవాయిదాలమీద కట్టుచు, ఇంకను సగము వాయిదాలు మిగిలియున్న గృహస్థుని ఆపి "ఎలా ఉందండీ ప్యారిస్?" అని మనము అడుగుచున్నాము. అతడు ఏమని చెప్పవలయును? ప్రక్కన భార్య నిలిచియున్నది. ఆమె ప్రక్కన, పోయిన ఏడు స్విట్జర్లాండు చూచి వచ్చిన తోడికోడలు నిలిచియున్నది. ఇట్టి ధర్మసంకటమున హరిశ్చంద్రుడైనను "అద్భుతం" అనియే యుండును.

లోకమున ఈ వ్యవహారములో నిజము పలికినవారు జపానువారు మాత్రమే. వారిలో కొందరు ప్యారిస్ చేరిన కొలది దినములకే తల తిరుగుట, గుండె దడ, చెమటలు, అందరును తమను అవమానించుచున్నారను భ్రాంతి మున్నగు లక్షణములతో ఆస్పత్రి పాలగుచుండగా, అచ్చటనే వైద్యము చేయుచుండిన హిరోయాకి ఓటా అను జపాను మనోవైద్యుడు 1980 దశకమున దీనిని కనిపెట్టి, ప్యారిస్ సిండ్రోమ్ అని పేరుపెట్టి, 1991లో దీనిమీద ఒక గ్రంథమే ప్రకటించెను. ఏటేట దీనివాత పడువారు బహు స్వల్పమనియు, అసలిది ప్రత్యేక వ్యాధియే కాదనియు వాదించు వైద్యులు లేకపోలేదు. ఆ వివాదము మనకక్కరలేదు. పత్రికలలోను చలనచిత్రములలోను చూచిన నగరమును మనస్సులో నిలుపుకొని పోయినవారికి, పొగచుట్ట కాల్చుచు విసుగుకొను వడ్డనవాడును, కాలిబాటపై కుక్కలు విడిచిపోయిన ఆనవాళ్లును, పర్సు జాగ్రత్త యని గంటగంటకు హెచ్చరించు మెట్రో ప్రకటనలును ఎదురైనప్పుడు స్పృహ తప్పుట సత్యసంధతకు లక్షణము. దీనికి వైద్యులు చేసిన చికిత్స యేమనగా, రోగిని విమానమెక్కించి స్వదేశమునకు పంపుట! ఉన్నది ఉన్నట్లు చూచినవాడు రోగి. మనవలె చూడకయే మెచ్చుకొనువాడు ఆరోగ్యవంతుడు. తెలుగువానికి ఈ రోగము వచ్చినట్లు ఇంతవరకు నేను వినలేదు. రాదు కూడ.

ఎందుకు రాదో లూవ్రు మ్యూజియములో మోనాలిసా గదికి పోయినచో ప్రత్యక్షముగా తెలియును. ఆ పటము పొడవు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53; దానికి ముందు తుపాకిగుండు దూరని అద్దము, అద్దమునకు ముందు కటకటాల కొయ్య, దానికి ముందు తాళ్లు కట్టి మలుపులు త్రిప్పిన క్యూ, ఆ క్యూ నిండ పైకెత్తిన చేతులు, ప్రతిచేతిలోను ఒక ఫోను. తిరుమలలో ఆనందనిలయము ముంగిట "జరగండి, జరగండి" యని వినబడు సేవకుల కేక ఇచ్చటను ఫ్రెంచి భాషలో వినబడును. కాని తిరుమలలో ఫోను ముందుగనే పుచ్చుకొందురు గనుక భక్తుడు ఆ అరక్షణమైనను స్వామిని కన్నులార చూచును. ఇచ్చట దర్శనమునకు చేరినవాడు ముందుగా చేయు పని దేవతకు వీపు త్రిప్పి నిలుచుట. ఆమె చిరునవ్వు వెనుక రహస్యమేమని పండితులు శతాబ్దములుగా తర్కించుచున్నారు. దినమునకు వేలకొలది జనులు తమ వీపులను చూపి తమ ముఖములను తామే చిత్రించుకొని పోవుచుండగా చూచుచున్న స్త్రీకి నవ్వు వచ్చుటయందు రహస్యమేమున్నదో నాకు బోధపడలేదు. ఆమె కెదురుగోడమీద, దాదాపు పదిమీటర్ల వెడల్పున, వెరొనీసు చిత్రించిన కానా పెండ్లివిందు వ్రేలాడుచున్నది. నెపోలియను సైనికులు 1797లో వెనీసులోని ఒక మఠమునుండి కొల్లగొట్టి తెచ్చిన ఆ మహాచిత్రమున వందకుమించిన అతిథులు, వాద్యకారులు, కుక్కలు, వంటవాండ్రు క్రిక్కిరిసియున్నారు. నీరు ద్రాక్షారసముగా మారుచున్నది. అంతటి విందునకు పిలువని పేరంటముగానైనను పోయి నిలిచినవాడొక్కడును నాకు అగపడలేదు. మా గుంపులోని ఒక పెద్దాయన అటు తిరిగినాడు గాని, అది ఫోను ఛార్జింగు పెట్టుకొను చోటు ఎక్కడనైన ఉన్నదేమో యని వెదకుటకు.

ఆ మ్యూజియము చరిత్రలో సందర్శకులను పరిపూర్ణముగా తృప్తిపరచిన వస్తువు ఒక్కటియే కలదు, అది శూన్యము. 1911 ఆగస్టు 21వ తేదీన, మునుపు అచ్చట పనిచేసిన విన్సెంజో పెరూజియా యను ఇటలీవాడు ఆ పటమును కాజేసి పోగా, అది వ్రేలాడిన గోడపై మిగిలిన ఖాళీని, ఆ మేకులను చూచుటకై జనులు బారులు తీరి వచ్చిరి. రెండేండ్లకు ఫ్లోరెన్సులో పటము దొరకి తిరిగి వచ్చినది. నిరాశయు దానితోపాటు తిరిగి వచ్చినది. మరల 2025 అక్టోబరు 19న, సామానులెత్తు యంత్రపు నిచ్చెనను వీధిలో నిలిపి, కిటికీ కోసి, ఎనిమిది నిమిషములలోపల రాజాభరణములను దొంగలు ఎత్తుకొనిపోగా, పిమ్మట ఆ కిటికీక్రింద నిలిచి ఫోటోలు తీయించుకొను యాత్రికులతో సేనునది గట్టు నిండిపోయినది. లేనిదానిని చూడబోయినవానికి అది లేదనియే కనబడును. మాటకును వస్తువునకును ఇంతటి పొందిక ఆ నగరమున మరెచ్చటను లేదు. ఉన్నవాటిని చూచుటకు మాత్రము, 2026 జనవరి నుండి, ఐరోపా వెలుపలివారు 22 యూరోలకు బదులు 32 యూరోలు ఇచ్చుకొనవలయును. దూరమునుండి వచ్చువాని ఆశ పెద్దది, కావున వాని నిరాశయు పెద్దది, కావున దాని వెలయు పెద్దది యని కాబోలు లెక్క. దీనికి మనము కోపగించుటకు వీలులేదు. తాజమహలు గుమ్మము వద్ద మనకు 50 రూపాయలు, పరదేశికి 1,100 రూపాయలు అని బోర్డు కట్టిన జాతి మనది.

ఈఫిల్ గోపురము సంగతి వేరు. దానిని కట్టకముందే నిరాశ చెందిన మహానుభావులు ఉండిరి. 1887 ఫిబ్రవరిలో, పునాదులు త్రవ్వుచుండగనే, మోపసా, గూనో, ఒపేరా భవనమును నిర్మించిన గార్నియే మొదలగు రచయితలు, సంగీతకర్తలు, శిల్పులు కలిసి ఈ ఇనుప వికారము మాకు వలదని పత్రికకు బహిరంగలేఖ వ్రాసిరి. గోపురము లేచిన పిమ్మట మోపసా ప్రతిదినము దానిమీది భోజనశాలలోనే భోజనము చేయుచుండెననియు, కారణమడుగగా నగరములో అది కనబడని చోటు ఇదొక్కటియే యని చెప్పెననియు ఒక కథ కలదు. ఇరువది ఏండ్లకు మాత్రమే అనుమతి యిచ్చిన ఆ కట్టడము తంతిలేని తపాలాకు పనికివచ్చి బ్రతికిపోయినది. అయినను ఆ గోపురపు చరిత్రలో మన విషయమునకు మిక్కిలి సన్నిహితమైన ఘట్టము 1925లో నడచినది. విక్టర్ లస్టిగ్ అను జగన్మోసగాడు తాను ప్రభుత్వాధికారినని చెప్పి, మరమ్మతుల ఖర్చు భరింపలేక గోపురమును తుక్కుక్రింద అమ్మివేయుచున్నారని నమ్మించి, ఒక ఇనుప వర్తకునికి దానిని నిజముగా అమ్మి, పైకమును, పైన లంచమును కూడ పుచ్చుకొని మాయమయ్యెను. తెలిసికొన్న వర్తకుడు ఏమి చేసెను? సిగ్గుచేత పోలీసులకైన చెప్పక నోరు మూసికొని కూర్చుండెను. దానితో లస్టిగ్ ధైర్యము తెచ్చుకొని మరల వచ్చి, అదే గోపురమును ఇంకొకనికి అమ్మజూపెను.

ఆ వర్తకుడు పాపము మౌనముతో సరిపెట్టుకొన్నాడు. మనవాడైనచో ఇంటికి వచ్చి బావమరదిని కూడ కొనుమని సలహా చెప్పియుండును. లిఫ్టు క్యూలో వానకు తడిసి, పైకెక్కి, అందరితోపాటు మబ్బును చూచి, దిగివచ్చి, క్రింద తీగకు గ్రుచ్చి అమ్ముచున్న బుల్లి గోపురములను బంధువులకు పంచుటకు డజనుకు బేరమాడి కొనుచున్నవాని ముఖమునందు లస్టిగ్ మహాశయుని రెండవ ఖాతాదారుని నేను స్పష్టముగా చూచితిని. ఇనుప గోపురమే కావలయునన్నచో, 1954 దాక ఫ్రెంచివారే ఏలిన మన యానాములో అట్టిదే మరియొకటి, చిన్నది, కలదు. గోదావరి గాలి, సీజనులో పులసకూర అదనము. కాని యానాము పోయి వచ్చితిమని వాట్సాప్ గుంపులో పెట్టుకొనువాడెవ్వడు?

తక్కినవి వేగముగా చెప్పెదను. అంగడిలోనికి పోయినవాడు ముందుగా "బోన్‌జూర్" అనకపోయినచో అంగడివాడు వానిని మనుష్యునిగా లెక్కింపడు. మూత్రశాలకై వెదకుటలోనే నగరము సగము చూడబడును. హౌస్మన్ పందొమ్మిదవ శతాబ్దమున ఇరుకు పేటలను కూల్చి వెడల్పైన రాజవీథులు తీర్చినాడే గాని ఈ అవసరమును లక్షించినట్లు తోపదు. షాంజ్ ఎలిజే వీథిలో హైదరాబాదు మాల్‌లో ఉన్న దుకాణములే ఉన్నవి. శాకాహారికి వేయించిన బంగాళాదుంప, బంగాళాదుంపకు తోడు రొట్టె. మా గుంపువారు ఆ నగరమున నిజమైన ఆనందబాష్పములు రాల్చిన స్థలము, ఉత్తరపు రైల్వేస్టేషను వెనుక లా షపెల్ పేటలో, లంక తమిళుల హోటలులో, వేడి ఇడ్లీమీద సాంబారు పడినప్పుడు. ఆ ఫోటోను మాత్రము ఎవ్వరును ఎవ్వరికిని పంపలేదు.

నాకు నచ్చినవి లేకపోలేదు. లూవ్రులోనే, జనము లేని మెసొపొటేమియా గదిలో, మనిషికి మించిన ఎత్తున నిలిచియున్న హమ్మురాబి శాసనపు నల్లరాతి ముందు నేనొక్కడనే చాలసేపు నిలిచితిని. దాని మొదటి విధులలోనే ప్రాణాపాయకరమైన వ్యాజ్యమున తప్పుడు సాక్ష్యము చెప్పినవానికి మరణదండన విధింపబడియున్నది. ఊరికి వచ్చి ఈ సంగతి చెప్పగా విన్నవారు "ఇంతకూ మీరు ప్యారిస్ వెళ్లారా?" అని అనుమానించిరి. నలుగురు చెప్పినది చెప్పనివాని సాక్ష్యము చెల్లదు.

ఒకప్పుడు మనవారిలో ఈ పద్ధతి లేదు. మదరాసు సుప్రీంకోర్టున దుబాసిగా నుండి ఎందరెందరి సాక్ష్యములనో విన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో కాశికి పోయి వచ్చి, ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎచ్చట బియ్యము దొరకదు, ఏ దారిలో భయము కలదు అని ఊరూరి వరుసను వ్రాసిపెట్టిరి. కాశియాత్రకు పోయి దారి బాగులేదని వ్రాసినందున ఆయన పుణ్యము తరిగినదని ఎవ్వరును అనలేదు. నెలవాయిదాలు లేని కాలము.

మొన్న ఒక పెండ్లిలో, భోజనముల పంక్తిలో, ప్యారిస్ చూచి వచ్చిన ఒక కుటుంబమును, వేసవిలో పోవుటకు సిద్ధముగా నున్న ఒక పెద్దమనుష్యుడు విచారించుచుండెను. తండ్రి అద్భుతమనెను, తల్లి జీవితంలో ఒక్కసారైనా చూసి తీరాలనెను. పదియేండ్ల పిల్లవాడు గారెను ప్రక్కన పెట్టి, ఎవ్వరును అడుగకయే, "ఏం బాగాలేదు తాతయ్యా. వానలో నిలబెట్టారు. మోనాలిసా కనపడలేదు, అందరి ఫోన్లే కనపడ్డాయి. నాన్న పర్సు మెట్రోలో పోయింది" అనెను. వడ్డించువాని చేతిలోని గరిటె సైతము ఒక క్షణము ఆగినది. తల్లి పిల్లవాని నుదుట చేయి వైచి, నవ్వుచు, "వీడికక్కడ ఒంట్లో బాగాలేదండీ బాబాయిగారూ, అంతా జ్వరంతోనే తిరిగాడు" అనెను.

"అయ్యో పాపం! వాతావరణం పడలేదేమో. మేమూ మందులు పట్టుకెళ్లాలంటావా అమ్మా?" అని పెద్దమనుష్యుడు అడిగెను.

"పట్టుకెళ్లండి బాబాయిగారూ, అక్కడ చాలా ఖరీదు."