వాచీ ఉంటేనే పేలుడు!

పిల్లల చేతికి చిక్కినా తుపాకీ పేలకూడదని అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 2002లో చట్టం చేసింది. దేశంలో ఎక్కడైనా సరే, యజమాని చేతిలో తప్ప పేలని ‘స్మార్ట్’ పిస్తోలు ఒక్కటి అమ్మకానికొస్తే చాలు, మూడేళ్లకు ఆ రాష్ట్రంలో అమ్మేవన్నీ అవే కావాలట. ఇంకేం, ఆ ఒక్కటీ రాకుండా తుపాకీ ప్రియులు కాపలా కాశారు! 2014లో జర్మనీ కంపెనీ ఆర్మాటిక్స్ పిస్తోలు అమ్ముతానన్న మేరీలాండ్ వ్యాపారికి చంపేస్తామని బెదిరింపులొచ్చాయి. చేతికి జోడు వాచీ ఉంటేనే పేలే రకమది. 2017లో ఓ హ్యాకర్ దాన్ని వాచీ లేకుండా, చవక అయస్కాంతాలతోనే పేల్చి చూపించాడు. 2019లో చట్టం మెత్తబడింది: ఆమోదం పొందిన మోడల్ వస్తే, దుకాణంలో ఒకటి పెడితే చాలట! అన్నట్టు, పాత చట్టం పోలీసులకు మినహాయింపునిచ్చింది. వాళ్లకు మాత్రం నొక్కగానే పేలాలి మరి!