మంచుకే మొక్కు

నర్సీపట్నంలో టీ తాగి, తెల్లారకముందే లంబసింగి మంచులో సెల్ఫీ దిగాలని కార్లు బారులు తీరుతున్నాయి. వేరే దారి పడితే కృష్ణదేవిపేట; అక్కడ అల్లూరి సీతారామరాజు సమాధి. పాపం, దానికి పొగమంచు లేదు! 1922 ఆగస్టులో మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు కొట్టి, పట్టుకెళ్లిన తుపాకుల లెక్క రాసి సంతకం పెట్టి మరీ వెళ్లిన మనిషాయన. మన నేతలదీ కచ్చితమైన లెక్కే: జయంతికి జులై 4న ఓ దండ, వర్ధంతికి మే 7న ఓ దండ. ఇక ‘ట్రిపులార్’లో రామరాజును చూసి ఈలలేసిన కుర్రాళ్లు నర్సీపట్నంలో కారాపి అడిగేది ఒక్కటే: ‘‘బాబాయ్, బొంగు చికెన్ ఎక్కడ బాగుంటది?’’