చట్టం తన పని తాను చేసుకుపోయే విధానం

తమ్ముడూ, నిన్ను పార్టీ అధికార ప్రతినిధిగా వేశారట. సంతోషం. ఇవాళో రేపో రాత్రి తొమ్మిదింటి డిబేట్‌లో యాంకర్ నిన్నడుగుతాడు: సోషల్ మీడియా మీద ప్రభుత్వ నియంత్రణ ఉండాలా వద్దా, మీ పార్టీ వైఖరేంటి? అప్పటికప్పుడు నీళ్లు నమలకుండా సరంజామా ముందే సర్దుకో. పెద్దగా ఏమీ అక్కర్లేదు. రెండు ప్రెస్‌నోట్లు చాలు. మొదటిదానికి 'భావప్రకటనా స్వేచ్ఛపై దాడి' అని హెడ్డింగ్ పెట్టు. రెండోదానికి 'చట్టం తన పని తాను చేసుకుపోతుంది'. రాజ్యాంగంలో ఒకే అధికరణం రెంటికీ సరిపోతుంది. మొదటి నోటులో 19(1)(ఏ) రాయి, రెండో నోటులో 19(2). ఒకటి హక్కు, రెండోది ఆ హక్కుకు హద్దు. ఏ పార్టీనీ నొప్పించకుండా రాసిపెట్టారు పెద్దలు.

ఏ నోటు ఎప్పుడు తీయాలన్నది బ్రహ్మవిద్యేం కాదు. తెల్లవారుజామున పోలీసు జీపు ఎవరింటి ముందు ఆగిందో కనుక్కో. మనవాడి ఇంటి ముందైతే మొదటిది. అవతలివాడి ఇంటి ముందైతే రెండోది. ఇంతకీ వాడు పెట్టిన పోస్టేమిటో మాత్రం చదవకు. చదివితే అన్నం సహించదు, మనవాడిదైనా సరే.

సిద్ధాంతం ఏమిటని ఎవరైనా నిలదీస్తే 66ఏ కథ ఎత్తుకో. అయితే సగమే చెప్పు. ఏ సగమో మన జెండా రంగును బట్టి ఉంటుంది. మొత్తం కథ నీ ఒక్కడికే చెబుతున్నా, బయట అనకు. 2008 డిసెంబరులో యూపీఏ ప్రభుత్వం లోక్‌సభలో చర్చ లేకుండానే ఐటీ చట్టానికి సవరణ పాస్ చేయించుకుంది. 'తీవ్ర అభ్యంతరకరం', 'చికాకు', 'అసౌకర్యం' లాంటి మాటలతో అల్లిన 66ఏ సెక్షన్ అందులోనే వచ్చింది. మూడేళ్ల దాకా జైలు. చికాకు నేరమైతే మన దేశంలో బయట మిగిలేదెవరు? 2012 ఏప్రిల్‌లో మమతా బెనర్జీ మీద కార్టూన్ ఫార్వర్డ్ చేశాడని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్‌ను పట్టుకుపోయారు. ఆ నవంబరులో బాల్ ఠాక్రే చనిపోతే ముంబై ఎందుకు మూతపడాలని ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. పాల్ఘర్ పోలీసులు ఇద్దర్నీ అరెస్టు చేశారు.

అసలు విద్య ఇక్కడే మొదలవుతుంది, జాగ్రత్తగా విను. అదే 2012లో సీపీఎం సభ్యుడు పి.రాజీవ్ ఐటీ నిబంధనలను రద్దు చేయాలని రాజ్యసభలో తీర్మానం పెట్టారు. ప్రతిపక్ష నేత అరుణ్ జైట్లీ లేచి, 1975లో ఇంటర్నెట్ గనక ఉంటే ఎమర్జెన్సీ బోల్తా పడేదన్న అర్థంలో మాట్లాడారు. ఎంత బాగుంది! 2014లో ఆయన పార్టీ గద్దెనెక్కింది. ఆ తర్వాత సుప్రీంకోర్టులో 66ఏ ఉండి తీరాలని వాదించింది ఆ ప్రభుత్వ న్యాయవాదే. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారీమన్ ధర్మాసనం ఆ సెక్షన్‌ను కొట్టేసింది. (చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లా మనిషే. ఈ ముక్క ఏ నోటులోనైనా పెట్టుకోవచ్చు.) తీర్పును స్వాగతించిన వాళ్లలో చిదంబరం ఉన్నారు. ఆ సవరణ పాసైన నాటికి కేంద్ర హోంమంత్రి ఎవరనుకున్నావు? ఆయనే.

సీపీఎం సంగతీ చెప్పుకోవాలి, లేకపోతే పక్షపాతం అంటారు. 66ఏను కొట్టేసిన తీర్పే కేరళ పోలీసు చట్టంలో 118(డి)నీ కొట్టేసింది. 2020 నవంబరులో అక్కడి పినరయి విజయన్ ప్రభుత్వం 118ఏ పేరుతో ఇంకోటి ఆర్డినెన్సుగా తెచ్చింది. గోల లేచింది. వారం తిరక్కుండా వెనక్కి తీసుకుంది. ఇక కర్ణాటకలో కాంగ్రెస్ ప్రభుత్వం 2025లో తప్పుడు వార్తల బిల్లు ముసాయిదా రాసుకుంది, ఏడేళ్ల దాకా జైలు అని. కేంద్రానిది ఇంకో తరహా. తన గురించి ఎవరైనా రాసింది నిజమో అబద్ధమో తేల్చే విభాగాన్ని తానే పెట్టుకుంటానని 2023లో నిబంధన తెచ్చింది. తన జాతకం తానే రాసుకునే జ్యోతిష్కుడన్నమాట. కునాల్ కామ్రా అనే హాస్యగాడు కోర్టుకెళ్తే 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది.

వీళ్లందరూ చేసిన పొరపాటు ఒక్కటే. కొత్త చట్టం తెచ్చి నలుగురి కళ్లలో పడ్డారు. మన తెలుగువాళ్లు అలా కాదు. పాత సెక్షన్లతోనే సంసారం గుట్టుగా లాగిస్తారు. 2017లో శాసనమండలి మీద వ్యంగ్యం పెట్టాడని టీడీపీ ప్రభుత్వం ఒక ఫేస్‌బుక్ పేజీ నడిపేవాడిని లోపలేసింది. వైసీపీ మొదటి నోటు తీసింది. 2020లో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకుపై పోస్టు పెట్టినందుకు, అరవై దాటిన గుంటూరు మహిళను వైసీపీ ప్రభుత్వంలోని సీఐడీ విచారణకు పిలిచింది. ఈసారి మొదటి నోటు టీడీపీది. 2024 నవంబరు నుంచి వైసీపీ సోషల్ మీడియా కార్యకర్తల వంతు వచ్చింది, నోట్లు మళ్లీ చేతులు మారాయి. హైదరాబాద్ వైపూ ఇదే వరస. 2025 మార్చిలో ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో పెట్టారని ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేస్తే బీఆర్ఎస్ భగ్గుమంది. పదేళ్ల పాలనలో రెండో నోటు జిరాక్సులు తీయించి అరగదీసింది ఆ పార్టీ కాదూ? అత్త కూడా ఒకింటి కోడలే.

కొన్ని మెలకువలు. ఒకే పోస్టు మీద నాలుగు జిల్లాల్లో ఫిర్యాదులు పెట్టించడం, ఒక కేసులో బెయిలు రాగానే పీటీ వారెంటు మీద ఇంకో ఊరు తిప్పడం, ఇవి అధికారంలో ఉన్నప్పుడు 'విచారణలో భాగం', లేనప్పుడు 'రాక్షస పాలన'. మనవాడు పెడితే సెటైర్, అవతలివాడు పెడితే మార్ఫింగ్. మనవాళ్లు సైనికులు, వాళ్లు పేటీఎం బ్యాచ్. రాజకీయ విమర్శకు ఆదరాబాదరాగా కేసులు పెట్టొద్దని తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరులో మార్గదర్శకాలిచ్చింది. రెండు నోట్ల చివరా 'న్యాయస్థానాలపై మాకు సంపూర్ణ విశ్వాసం ఉంది' అని ఉంచు. ఖర్చేముంది?

'నియంత్రణ' అనే మాట నోట రానీయకు. 'జవాబుదారీతనం' అను. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో లోకేశ్ ఆధ్వర్యంలో మంత్రుల బృందం వేసింది ఆ పేరు మీదే. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేవు కదా, ఆ ఉదాహరణ జేబులో పెట్టుకో. పిల్లల పేరెత్తితే ఎదురు మాట్లాడే ప్యానలిస్టు ఉండడు. మహిళల గౌరవం పేరు కూడా ఎత్తు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల మీద మనవాళ్లు రాసినవి ఎవరైనా తీస్తే, మన ఇళ్లలో ఆడవాళ్ల మీద వాళ్లు రాసినవి తియ్యి. స్లాట్ అయిపోతుంది.

ఒక్కోసారి ఏ పార్టీకీ చెందని మనిషి తగులుతుంది. మండల కేంద్రంలో ఏ టీచరమ్మో, మార్ఫింగ్ చేసిన తన ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందని స్టేషన్‌కు వెళ్తుంది. రసీదు పట్టుకుని మూడు నెలలు తిరుగుతుంది. ఏ నోటు తీయాలని కంగారు పడకు. ఆమె మీద డిబేట్ ఉండదు.

చివరగా ఓట్ల లెక్కింపు రోజు. ఆ రోజు మధ్యాహ్నానికల్లా ఏ ఫోల్డర్ తెరవాలో తేలిపోతుంది. సాయంత్రం అవతలి పార్టీ ప్రతినిధి ఫోన్ చేస్తాడు, కంగారుగా: "అన్నా, మీ పాత ఖండన నోటు సాఫ్ట్ కాపీ ఉందా? రేపట్నుంచి మాకు పని పడేలా ఉంది." పంపించు, మొహమాటపడకు. మన లెటర్‌హెడ్ మాత్రం తీసేసి పంపు. బదులుగా వాళ్ల రెండో నోటు అడుగు, అయిదేళ్లుగా వాడి వాడి బాగా పదునెక్కి ఉంటుంది.