లేజర్ పిన్ని

పెళ్లికెళ్తే మా పిన్ని వడ్డాణాలు చూడదు, గడ్డాలు చూస్తుంది. ఆడవాళ్ల గడ్డాలు! ఉయ్యూరు నుంచి అవనిగడ్డ దాకా మా చుట్టాల్లో ఎవరి పైపెదవి మీద ఎంత నూగుందో ఆవిడ దగ్గర లెక్కుంది. బెజవాడలో తను లేజర్ చేయించుకున్న దగ్గర్నుంచీ ఇదే వరస.

మొన్న గుడివాడ పెళ్లిలో పప్పులో నెయ్యి వేయించుకుంటుంటే, పక్కన మా అత్తగారున్నారని కూడా చూడకుండా, "ఏమేవ్, ఆ గడ్డం సంగతి చూసుకోవా?" అంది. పంక్తంతా నావైపు తిరిగింది.

ఇక మొదలు. "సున్నిపిండికి లొంగేవి కావే ఇవి. లేజర్ వెలుగు వెంట్రుకలోని నలుపుని పట్టుకుంటుంది. ఆ వేడికి కుదురు మాడుతుంది. ఎదిగే దశలో ఉన్నవాటికే దెబ్బ తగులుతుంది కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, ఆరో ఎనిమిదో సిట్టింగులు. మధ్యలో థ్రెడింగు, వ్యాక్సింగు వద్దు. కుదురే ఊడొస్తే వెలుగు దేన్ని పట్టుకుంటుందే? బ్లేడు పెట్టుకో, ఫర్లేదు." బ్లేడు మాట దగ్గర సాంబారు బకెట్టు కుర్రాడు ఆగిపోయాడు.

చెప్పేదంతా నిజమే, అదే నా బాధ. చామనఛాయ వాళ్లకి చర్మంలోనూ నలుపుంటుంది, అందుకని లోతుకెళ్లే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ అయితే చర్మం కాలే భయం తక్కువట. ఆ 1064ని పినాకిని ఎక్స్‌ప్రెస్ నంబరులా గడగడా చెప్తుంది. రోహిణి కార్తె ఎండలో కమిలిన మొహంతో వెళ్తే మచ్చలు పడతాయని హెచ్చరిక. పూర్తిగా పోతాయని ఎవరన్నా అంటే డబ్బు కట్టొద్దు, బాగా తగ్గుతాయంతే, అప్పుడప్పుడూ మళ్లీ వెళ్లాల్సిందే.

ఇంత విసిగించే మనిషే, మా అక్క కూతురికి ఇంటర్‌లో గడ్డం మీద వెంట్రుకలొచ్చి నెలసరి తప్పుతుంటే, అందరూ పార్లర్ పేర్లు చెప్తుండగా, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. పీసీఓఎస్ అని తేలింది. లోపల హార్మోన్లు సర్దుకోకుండా పైన ఎంత కాల్చినా కొత్తవి మొలుస్తూనే ఉంటాయని పిల్లకి ఓపిగ్గా చెప్పింది. ఒక్క వెటకారం లేదు. ఆ ఓపిక నా మీద ఎందుకు ఉండదో!

బాబాయి చెవుల్లో తెల్లగా గుబురు పెరిగింది. "నాకూ చేయించకూడదూ?" అన్నాడాయన.

"నల్లగా ఉన్నప్పుడు అడగాల్సింది. తెల్లవాటిలో రంగుండదు, లేజర్‌కి అవి కనపడవు."

"మరి నీ గడ్డం కింద ఆ రెండూ?"

"అవి వెంట్రుకలు కావండీ, పౌడరు."