నష్టానికి అమ్మే మహానుభావులు

బాన్సువాడ బజారులో ఎవరికీ లాభం రాదు. బట్టల దుకాణాయన "మీరు కాబట్టి పడ్డ రేటుకే ఇస్తున్నా" అంటాడు. ఫోన్ల షాపు పిల్లాడు "దీని మీద వంద కూడా మిగలదన్నా" అంటాడు. మనం తలూపి, ఇంకో రెండొందలు తగ్గించమంటాం. అమ్మేవాడి నష్టం విని గిరాకీ కళ్లు తుడుచుకోవడం ఈ ఊళ్లో ఎప్పుడూ లేదు.

ప్లేస్టేషన్ వచ్చాక ఆ ముచ్చటా చూశాం. మూడు తరాలుగా తెలిసిన బట్టల దుకాణాయన మాట నమ్మని కుర్రాడు, టోక్యోలో కూర్చున్న సోనీ మాట, సముద్రాల అవతలి మైక్రోసాఫ్ట్ మాట నమ్మేశాడు. "పెట్టె మీద కంపెనీకి లాసే అంకుల్, మన కోసం భరిస్తున్నరు" అంటాడు. చెబుతుంటే గొంతు కాస్త వణుకుతుంది కూడా. యాభై వేలు కట్టింది తన తండ్రి. జాలి మాత్రం సోనీ మీద.

టీ హోటల్లో ఈ పురాణం వింటున్న పెద్దాయన ఒకరు కప్పు కింద పెట్టారు. నిజాంసాగర్ కాలువ కింద వరి చేసే మనిషి.

"లాసుకు ఎందుకమ్ముతడు బిడ్డా? వానికేమన్న పిచ్చి లేసిందా?"

"గేములు అమ్ముకుని సంపాదిస్తడు తాతా."

"గట్ల చెప్పు మరి. విత్తనాలు ఉద్దెరకిచ్చినట్టు."

కుర్రాడికి అర్థం కాలేదు గానీ, కన్సోల్ వ్యాపారం మీద ఇంత పొట్టి వ్యాఖ్యానం నేనెక్కడా వినలేదు. నాట్లప్పుడు సేటు విత్తనాలిస్తాడు, యూరియా ఇస్తాడు, పురుగుమందు ఇస్తాడు. చేతిలో పైసా పెట్టమనడు. ఆరోజు దుకాణంలోంచి సరుకు పోయింది, డబ్బు రాలేదు కాబట్టి, లెక్కప్రకారం సేటు నష్టంలోనే ఉన్నాడు. షరతు ఒక్కటే: కోతలయ్యాక వడ్లు వేరేచోటికి పోకూడదు, ఆయన కాంటా మీదికే రావాలి. అక్కడ తేమ అని కొంత, తాలు అని కొంత, తరుగు అని కొంత పోతుంది. రేటు ఆయన చెప్పిందే. ఇంత చేసినా సేటును మన రైతులు దాత అనలేదు, అప్పులాయనే అన్నారు. పాపం ఆయనకు ప్రచార విభాగం లేదు.

నష్టం ఉత్తమాటేనని నేననడం లేదు. 2006 నవంబరులో ప్లేస్టేషన్ 3 అమెరికా మార్కెట్లోకి వస్తే, ఐసప్లై అనే సంస్థ పెట్టెను విప్పి చిప్పు చిప్పుకూ ధర కట్టింది. 599 డాలర్లకు అమ్ముతున్న దానికి 840 డాలర్లు, 499కి అమ్ముతున్న దానికి 806 డాలర్లు పడుతోందని తేల్చింది. ఆ ఆర్థిక సంవత్సరం సోనీ గేముల విభాగం 23,230 కోట్ల యెన్ల నష్టం చూపించింది. అయితే ఆ పెట్టెలో బ్లూరే డ్రైవు కూడా ఉంది. అప్పట్లో తోషిబా వాళ్ల హెచ్‌డీ డీవీడీకీ సోనీ వర్గపు బ్లూరేకూ యుద్ధం నడుస్తోంది. ప్లేస్టేషన్ కొన్న ప్రతి ఇల్లూ తెలియకుండానే బ్లూరే ఇల్లయింది. 2008 ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేసింది. గేముల ఖాతాలో పోయిన డబ్బు సినిమా డిస్కుల యుద్ధంలో ఫిరంగి మందైంది. దాన్ని మనమీద ప్రేమ ఖాతాలో ఎవరు రాశారో!

ఆ పెట్టెను నిజంగా చవగ్గా కొట్టేసినవాళ్లు వేరే ఉన్నారు. అమెరికా వైమానిక దళం. 2010లో వాళ్ల పరిశోధనశాల 1,760 ప్లేస్టేషన్ 3లను ఒకదానికొకటి కలిపి సూపర్ కంప్యూటర్ కట్టుకుంది. ఒక్క గేమూ కొననవసరం లేని గిరాకీ! విత్తనాలు తీసుకుని వడ్లు చూపించని రైతన్నమాట. అదే ఏడాది ఏప్రిల్లో సోనీ ఒక అప్‌డేట్ పంపి, ఇలాంటి కంప్యూటర్ కట్టుకోవడానికి దారైన లైనక్స్‌ను ఆ పెట్టెలో ఎక్కించుకునే వీలును మూసేసింది. భద్రత కోసమన్నారు. కావచ్చు.

ఇక మన ఊరి సంగతి. దుబాయ్ నుంచి వచ్చిన మేనమామ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టుకుని వచ్చిన పెట్టె, దానితోపాటు ఒకే ఒక్క ఫుట్‌బాల్ డిస్కు. ఆ డిస్కుతో ముగ్గురన్నదమ్ములు, వాళ్ల దోస్తులు ఏళ్ల తరబడి ఆడతారు. తర్వాత దాన్ని అమ్మి ఇంకోటి తెస్తారు. సోనీకి నిజంగా నష్టం తెచ్చినవాళ్లెవరైనా ఉంటే వీళ్లే. దానికి మందు కూడా సోనీ కనిపెట్టింది. ప్లేస్టేషన్ 5 మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న వచ్చినప్పుడు డిస్కు పట్టేది 49,990, డిస్కు పట్టనిది 39,990. ఒక డ్రైవు పీకేస్తే పదివేలు తగ్గింపు! అదే డ్రైవును 2023లో విడిగా అమ్మినప్పుడు అమెరికాలో దాని ధర, లాభం కలుపుకునే, 80 డాలర్లు. అక్కడ రెండు పెట్టెల మధ్య తేడా మాత్రం మొదట్లో 100 డాలర్లు. ఎక్కువ తగ్గించింది డ్రైవు లేనందుకా, దోస్తు దగ్గర డిస్కు అడుక్కునే దారి లేనందుకా? డిస్కు పట్టని ఆ తొలి పెట్టెకు ఒకే కాంటా, సోనీ స్టోరు.

పైగా ఆ నష్టం పెట్టె బతికినంతకాలం సాగేది కాదు. చిప్పుల ధర తగ్గుతుంది, తయారీ చెయ్యి తిరుగుతుంది. 2021 ఆగస్టులోనే, పెట్టె పుట్టి ఏడాది నిండకముందే, 499 డాలర్ల ప్లేస్టేషన్ 5ను ఇక నష్టానికి అమ్మడం లేదని సోనీ స్వయంగా చెప్పింది. ఆ వార్త మన కుర్రాడి దాకా చేరలేదు, అతడింకా జాలిపడుతూనే ఉన్నాడు. నింటెండో అయితే ఈ త్యాగాల జోలికి పెద్దగా పోనేలేదు. 2006లో వీ అనే పెట్టెను 249 డాలర్లకు అమ్మి మొదటి రోజు నుంచే లాభం తీసుకుంది. 2017లో స్విచ్‌నూ నష్టానికి అమ్మనంది. మధ్యలో 3డీఎస్ అనే చేతి పెట్టె ధర ఒక్కసారిగా 249 నుంచి 169 డాలర్లకు కోయాల్సొచ్చింది. సరుకు పోకపోతే వచ్చే నష్టం అది, ఏ దుకాణాయనకైనా తెలిసిందే. ఒక్క వీ యూ పెట్టెను మాత్రం మొదటినుంచే నష్టానికి అమ్మి చెయ్యి కాల్చుకుంది.

మైక్రోసాఫ్ట్ కథ కోర్టుదాకా వెళ్లింది. ఎపిక్ అనే గేముల కంపెనీ ఆపిల్ మీద వేసిన కేసు 2021 మేలో కాలిఫోర్నియాలో విచారణకొచ్చింది. ఎక్స్‌బాక్స్ పెట్టెల మీద మీకెంత మిగులుతుందని అడిగితే, మైక్రోసాఫ్ట్ ఉపాధ్యక్షురాలు లోరీ రైట్ ఏమీ మిగలదని, నష్టానికే అమ్ముతామని ప్రమాణం చేసి చెప్పారు. ఏనాడూ లాభానికి అమ్మలేదట. మరుసటి ఏడాది ఎక్స్‌బాక్స్ పెద్ద ఫిల్ స్పెన్సర్ ఇంకాస్త వివరంగా, పెట్టెకు 100 నుంచి 200 డాలర్లు మేమే వేసుకుంటున్నామన్నారు. రైట్‌ది ప్రమాణం చేసి చెప్పిన మాట, నమ్ముదాం.

నమ్మాక ఒక్కటి అడుగుదాం. ఆ కోర్టులో ఈ నష్టానికి పనేమిటి? ఆపిల్ తన స్టోరులో 30 శాతం కోసుకోవడం అన్యాయమని ఎపిక్ వాదన. మరి కన్సోళ్లవాళ్లకూ 30 ఇస్తున్నావుగా అంటే జవాబు కావాలి. ఫోను లాభానికి అమ్ముతారు, కన్సోల్ నష్టానికి అమ్ముతారు, అందుకని వీళ్ల 30 ధర్మం, వాళ్ల 30 అధర్మం! నష్టం ఇక్కడ లెక్కల పుస్తకంలోంచి లేచి సాక్షిబోనెక్కింది.

ఈ ధర్మశాస్త్రాన్ని అంకెల్లో పెట్టి చూస్తే నవ్వాగదు. పెట్టె మీద నష్టపోతున్నానన్న మైక్రోసాఫ్ట్ 30 తీసుకుంటుంది. నష్టం మానేసిన సోనీ 30. స్విచ్‌ను నష్టానికి అమ్మని నింటెండో 30. ఫోను మీద దండిగా మిగుల్చుకునే ఆపిల్ మామూలు రేటూ 30. ఏ పెట్టే అంటగట్టకుండా మన కంప్యూటర్లోనే దుకాణం పెట్టిన స్టీమ్ కూడా 30తోనే మొదలుపెట్టింది. నష్టానికీ ఈ 30కీ అంత చుట్టరికమే ఉంటే వీళ్లందరి రేటూ ఒకటే ఎందుకైంది? ఇంకా ముచ్చటైన సంగతి, రైట్ సాక్ష్యం చెప్పడానికి కొద్దిరోజుల ముందే మైక్రోసాఫ్ట్ కంప్యూటర్ గేముల మీద తన వాటాను 30 నుంచి 12 శాతానికి తగ్గిస్తానని ప్రకటించింది. ఎక్స్‌బాక్స్ మీద మాత్రం 30 కదల్లేదు. అదే కంపెనీ, ఒక్కోసారి అదే గేము. కంప్యూటర్లో పక్కన ఇంకో స్టోరు పెట్టుకునే వీలుంది, అప్పటికే ఎపిక్ అక్కడ 12కి తూకం వేస్తోంది. ఎక్స్‌బాక్స్‌లో ఆ వీలు లేదు. పక్కన ఇంకో కాంటా ఉంటే తరుగు ఎలా తగ్గుతుందో మా పెద్దాయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పక్కన ఇంకో కాంటా రానివ్వని ఈ తాళం పాతదే. 1977లో అటారీ పెట్టెకు తాళం లేదు; ఎవరైనా క్యాసెట్ చేసి గుచ్చొచ్చు. 1979లో ఆ కంపెనీ ప్రోగ్రామర్లే బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టి, క్యాసెట్లు చేయడం మొదలెట్టారు. అటారీ కోర్టుకెక్కి 1982లో రాజీపడింది. ఇది చూసిన నింటెండో 1985లో అమెరికాకు పోతూ పెట్టెలోనూ క్యాసెట్లోనూ జత చిప్పులు పెట్టింది. అవి రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే ఆట. పెట్టెను ఎంతకైనా అమ్మొచ్చన్న ధైర్యం ఆ తాళంతోనే వచ్చింది.

మన ఊళ్లకు వచ్చింది ఆ తాళం లేని చైనా నకలు. టీవీకి తగిలించే ఆ పెట్టెతో మారియో, కాంట్రా ఆడని ఇల్లు ఒకప్పుడు తక్కువ. క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని ఉండేది. పేజీలు తిప్పుతూ పోతే పేర్లు మారేవి, ఆట మారేది కాదు. అది శుద్ధ దొంగసరుకే, ఒప్పుకుందాం. కానీ దాన్ని చేసినవాడికి తర్వాత ఏ కాంటా లేదు, గేముల మీద వాటా లేదు. పెట్టె మీద మిగిలితేనే బతుకు. అయినా నాలుగు డబ్బులకే అమ్మాడు, "నీ కోసం నష్టపోతున్నా" అని ఒక్కనాడూ అనలేదు.

హైదరాబాద్ వాళ్లు కూడా ఈ వాకిట్లో నిలబడ్డారు. 2009లో అరోనా టెక్నాలజీస్ చేసిన హనుమాన్ గేము, గేమ్‌శాస్త్ర చేసిన దేశీ అడ్డా ప్లేస్టేషన్ 2 మీద వచ్చాయి. అప్పటికి ఆ పెట్టె పుట్టి తొమ్మిదేళ్లు. అమెరికాలో 299 డాలర్లకు మొదలై, ఆ ఏప్రిల్లో 99కి దిగింది. ఉద్దెర తీరి ఎన్నేళ్లైనా, సోనీ ముద్ర లేని డిస్కు ఆ పెట్టెలో తిరగదు.

పెట్టె ధర ఏళ్లు గడిచేకొద్దీ అలా దిగుతుందన్నది ఒకప్పటి ఆచారం. 2022 నవంబరులో మన దగ్గర ప్లేస్టేషన్ 5 ధర దిగడం మాని 49,990 నుంచి 54,990కి ఎక్కింది. 2025 ఆగస్టులో అమెరికాలోనూ 50 డాలర్లు పెంచారు. ఐదో ఏట! ఈ సంగతి చెప్పినా కుర్రాడు తొణకలేదు. "ముడిసరుకు రేట్లు పెరిగినయి అంకుల్, వాళ్లు మాత్రం ఏం చేస్తరు?" అన్నాడు. సోనీ లెక్కలాయన కూడా ఇంత ఆపేక్షగా మాట్లాడి ఉండడు.

హార్డ్‌వేర్ మీద రాదు, గేముల మీదే వస్తుందన్న మాటలోనూ మెలిక ఉంది. స్పెన్సర్ లెక్కలోనే ఉంది చూడండి: పోయింది స్టోరుతోపాటు యాక్సెసరీల మీద కూడా రాబట్టుకుంటామన్నారు. యాక్సెసరీలంటే హార్డ్‌వేర్ కాక మరేమిటి? 2012లో సోనీ వీటా అనే చేతి పెట్టెకు బయట దొరికే మెమొరీ కార్డు పట్టకుండా చేసి, తన సొంత 32 జీబీ కార్డును అమెరికాలో 100 డాలర్లకు అమ్మింది. 2020లో ఎక్స్‌బాక్స్‌కు ఒక టీబీ కార్డు 220 డాలర్లు. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ మన దేశంలో 5,990తో మొదలైంది. గంటకింత అని పిల్లలతో ఆడించే గేమింగ్ పార్లర్లో అడగండి, పెట్టె బాగానే ఉంటుంది, ముందు పోయేది కంట్రోలరే. పుల్ల ఊగుతుంది, వేలు తీసినా బొమ్మ దానంతటది ఎడమకు నడుస్తూ పోతుంది. పార్లర్ అతను ఇంకోటి తెస్తాడు. ఆ 5,990లో కంపెనీకి ఎంత నష్టమో మన కుర్రాడు ఇంతవరకూ చెప్పలేదు.