అలుపెరగని గురువుకు దండం

వీడియో గురువా, నీకు దండం. బరంపురంలో మా ఇంట అర్ధరాత్రి పన్నెండింటికి మనవరాలు వేలు తాకిస్తే చాలు, పాఠం మొదలుపెడతావు. సెలవడగవు, జీతమడగవు.

నీ ఓర్పు ఎవరికీ రాదు. మొన్న త్రికోణమితి లెక్క దగ్గర పిల్ల ఆగిపోయి, ఏడుసార్లు వెనక్కి జరిపి చూసింది. ఏడుసార్లూ అదే మాట, అదే నవ్వు, అదే వేగం. దాని కళ్లల్లో నీళ్లు తిరిగినా నీ గొంతు వణకలేదు. నాకు చదువు చెప్పిన మాస్టారికి అంత ఓర్పు లేదు. రెండోసారికే పలక లాక్కుని, "ఎక్కడ తప్పావురా?" అనేవారు. తప్పిన చోటు దొరికేదాకా వదిలేవారు కాదు. నువ్వు ఏ పిల్లనూ తప్పు పట్టవు. తప్పు చూడాలంటే ముందు పిల్లను చూడాలి కదా!

నీకు ఎల్లలు లేవు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై మా గంజాం జిల్లా అందులో చేరినప్పటి నుంచీ మా తెలుగు పిల్లలు ఎల్ల మీదే చదువుకుంటున్నారు. మా పిల్లకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నీ దగ్గర దొరికే మంచి పాఠాలు చాలావరకు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. తెలుగులో వెతికితే ఆంధ్రా, తెలంగాణ పుస్తకాల వరస వస్తుంది, మా పిల్ల రాయబోయేదేమో ఒడిశా బోర్డు పరీక్ష. లోకమంతటికీ ఒకేలా చెబుతావు. ఈ వీధిలో కూర్చున్న పిల్లకు మాత్రం ఏదీ సరిగ్గా అతకదు.

2020లో బళ్లు మూతపడ్డప్పుడు నువ్వే దిక్కయ్యావు. ఆ రుణం కాదనను. నీ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది. కానీ గంజాం నుంచి మగవాళ్లు సూరత్ మరమగ్గాల పనికి వెళతారు. ఇంటికి ఒక్కటే ఫోను ఉంటే అది తండ్రి జేబులోనే రైలెక్కుతుంది. ఆ ఇంటి పిల్లవాడికి నీ వాకిలి ఇక్కడ, తాళంచెవి సూరత్‌లో.

నువ్విచ్చే ధైర్యం మరీ గొప్పది. 2018లో కార్దాస్, ఓబ్రయన్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. బల్ల మీది గిన్నెలు కదలకుండా కింది గుడ్డ లాగేసే విద్యను ఇరవైసార్లు చూసినవాళ్లకు, ఒక్కసారి చూసినవాళ్లకంటే, తామూ చేయగలమన్న నమ్మకం పెరిగింది. డార్టులు విసరడం లాంటివి నిజంగా చేయించి చూస్తే, నమ్మకం పెరిగినంత మాత్రాన చేత మెరుగుపడలేదు. రాని విద్యను వచ్చినట్టు అనిపించే శక్తి ఏ పాత గురువుకూ లేదు.

మా బరంపురం పట్టు నేసే ఇళ్లలో పిల్లలు మగ్గం పక్కన కూర్చుని పని నేర్చుకున్నారు. పడుగులో పోగు తెగితే పెద్దవాళ్ల చెయ్యి వచ్చి, పిల్ల చేతనే ముడి వేయించేది. నీకు అన్నీ ఉన్నాయి, ఆ చెయ్యి తప్ప.

అందుకని నిన్ను మానేయమని పిల్లకు చెప్పను. ఆ చెయ్యి మేం పెడతాం. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక వీడియో పాఠాల్లో 69 లక్షల వీక్షణలు పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో, పాఠం ఎంత పొడవున్నా చూపు నిలిచేది మధ్యస్థంగా ఆరు నిమిషాల లోపేనని తేలింది. కాబట్టి ఆరు నిమిషాలకోసారి నిన్ను ఆపుతాం. ఫోను బోర్లించి, విన్నది చూడకుండా రాయిస్తాం. వీధిలో ముగ్గురు పిల్లల్ని ఒక్క ఫోను ముందు కూర్చోబెడతాం; ఫోను లేనివాడికీ పాఠం అందుతుంది, "ఆగు, అర్థం కాలేదు" అనడానికి ఒక తోడూ దొరుకుతుంది. మిగిలిన సందేహాలు కాగితం మీద పెట్టి బడికి పంపుతాం. నిన్ను తయారుచేసేవాళ్లను ఒక్కటే వేడుకుంటాను: మధ్యలో ఒక ప్రశ్న వేసి, పిల్లలు జవాబు రాసేదాకా ఆగమని నీ నోటితోనే చెప్పించండి.

మొన్న త్రికోణమితి దగ్గర పిల్ల ఆగిపోయిన రాత్రి కూడా అదే చేశాను. ఫోను పక్కన పెట్టించి, లెక్క నాకు తెలుగులో చెప్పమన్నాను. నాకు త్రికోణమితి రాదు. అయినా విన్నాను. మూడో వరసలో పిల్ల ఆగింది. "తాతా, ఎదుటి భుజం, పక్క భుజం తారుమారు చేసేశాను" అంది.

నువ్వు ఏడుసార్లు చెప్పింది వృథా కాలేదు గురువా. వినే మనిషి ఒకరు ఎదురుగా కూర్చునేదాకా, అది పిల్లకు అందలేదంతే.